షాస్తా డైసీ: ఏ రకం కొనాలి, ఎర్రమట్టిలో ఎలా నిలబెట్టుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాకు ఉత్తరాన కొత్తగా ఇల్లు కొన్నారు. ఇంటి ముందు ఎండ బాగా పడే చోట షాస్తా డైసీలు, అంటే తెల్ల రేకల మధ్య పసుపు బొట్టుండే పూలు, పెంచాలనుకుంటున్నారు. మట్టి మాత్రం ఎర్రటి బంకమట్టి. ఏ రకం కొనాలి, విత్తనం వేయాలా మొక్క తేవాలా, బతుకమ్మ నాటికి పూలు వస్తాయా, హైదరాబాద్‌లో అమ్మ కూడా మేడ మీద పెంచుకోవచ్చా అని అడిగారు. చేమంతులు బాగా పెంచిన చెయ్యి నాది, ఇదీ అలాంటిదే కదా అని కూడా అన్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. 'బెకీ' అనే రకం తీసుకోండి. విత్తనం కాదు, కుండీలో ఉన్న మొక్క. అక్టోబర్‌లో, నేల కంటే కాస్త ఎత్తు చేసిన మడిలో నాటండి. బతుకమ్మకు ఈ పూల మీద ఆశ పెట్టుకోవద్దు. హైదరాబాద్‌లో అమ్మగారికి ఇది సిఫార్సు చేయను. చేమంతి అనుభవం కొంతవరకే పనికొస్తుంది, ఒక్కోచోట దెబ్బ కూడా తీస్తుంది. నేనూ ఇక్కడి ఎర్రమట్టిలోనే చాలా ఏళ్లుగా పూల మొక్కలు పెంచుతున్నాను కాబట్టి కారణాలు కాస్త వివరంగా రాస్తాను.

చేమంతి సంగతితోనే మొదలుపెడదాం. రెండూ ఒకే కుటుంబం, పువ్వు చూడటానికీ దగ్గరే. కానీ చేమంతి పగలు తగ్గి రాత్రి పెరిగే రోజుల్లో మొగ్గ వేస్తుంది. అందుకే మన ఊళ్లలో చలికాలం వచ్చిందంటే చేమంతులే చేమంతులు. షాస్తా డైసీ దీనికి పూర్తిగా ఎదురు. చాలా రకాలకు ఒక చలికాలం గడవాలి, ఆ తర్వాత పగలు దాదాపు 14 గంటలకు పెరగాలి, అప్పుడే మొగ్గ. అట్లాంటాలో జూన్ మూడో వారంలో పగలు 14 గంటల 20 నిమిషాలు దాటుతుంది. కాబట్టి ఇక్కడ పూలు జూన్, జులై నెలల్లో వస్తాయి. చేమంతికి చేసినట్టు జులై దాకా చివర్లు తుంచుతూ కూర్చుంటే ఆ ఏడాది పూలు మీరే తుంచేసినట్టు అవుతుంది. మరీ గుబురుగా కావాలంటే ఏప్రిల్‌లో ఒక్కసారి పైచివర గిల్లండి, అక్కడితో ఆపేయండి. బెకీకి అదీ అక్కర్లేదు.

రెండో తేడా, చేమంతిని మనం కుండీలో ఎరువు పెట్టి పెట్టి మేపుతాం. దీనికి ఆ మేపు పడదు. ఆ మాట కింద చెప్తాను.

ఇక రకాలు. నర్సరీకి వెళ్తే లేబుల్ మీద ఉత్త 'షాస్తా డైసీ' అని రాసి ఉంటే పక్కన పెట్టేయండి. రకం పేరు లేకపోతే ఎత్తు తెలీదు, ఎండకు ఆగుతుందో లేదో తెలీదు.

బెకీ మూడు అడుగుల పైన పెరుగుతుంది, కాడ గట్టిది, కర్ర ఊతం లేకుండానే నిలబడుతుంది. పువ్వు మూడు అంగుళాల వెడల్పు ఉంటుంది. ఆకు మందంగా, మెరుస్తూ ఉంటుంది. మీకు దీన్నే ఎందుకు చెప్తున్నానంటే ఇది పెరిగిందే ఇక్కడ. సరైన పేరంటూ లేకుండా చాలా ఏళ్లు అట్లాంటా చుట్టుపక్కల తోటల్లో చేతులు మారుతూ వచ్చింది. ఇక్కడి ఉక్కపోతనూ జులై వానలనూ తట్టుకుని మిగిలిన మొక్క. 2003లో అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ (ఏళ్ల తరబడి బతికే మొక్కల సంఘం) దీన్ని ఆ ఏటి మేటి మొక్కగా ఎంపిక చేసింది. ఉత్తరాది రాష్ట్రాల నర్సరీలు కూడా అమ్ముతాయి, కానీ దక్షిణాదిలో దీనికి సాటి వచ్చే రకం నేను చూడలేదు.

అలాస్కా పాతకాలం రకం, విత్తనంతో తేలిగ్గా వస్తుంది, చవక. రెండు మూడు అడుగులు పెరిగి ఒక పెద్ద వాన పడగానే పక్కకు ఒరిగిపోతుంది. పేరు చూసి చలికే పుట్టిందనుకుంటారు కానీ ఇక్కడ పెరగకపోదు, ఎండాకాలం చివరికి నీరసపడుతుంది అంతే. కంచె వెంబడి, వేరే మొక్కల ఆసరా ఉన్న చోట వేసుకోవచ్చు.

మడికి ముందు వరుసలో పొట్టిది కావాలంటే స్నోక్యాప్, అడుగున్నర లోపే ఉంటుంది. ఇంకా పొట్టిది స్నో లేడీ, అడుగు మించదు. స్నో లేడీ ప్రత్యేకత ఏమిటంటే విత్తనం వేసిన ఏడాదే పూస్తుంది, చలికాలం కోసం ఆగదు. 1988లో, కొత్త విత్తన రకాలను పెంచి చూసి మేటివాటికి ఇచ్చే ఆల్ అమెరికా సెలెక్షన్స్ పురస్కారం వచ్చింది దీనికి. అయితే రెండు మూడేళ్లకు మించి బతకదు, పిల్లలతో విత్తనం వేయించాలంటే మాత్రం ఇదే మంచిది.

ముద్ద పూల రకాలు, అంటే అగ్లాయా, క్రేజీ డైసీ లాంటివి ఫోటోలో చూస్తే ఎవరికైనా మనసవుతుంది. మన జులై వానలకు ఆ ముద్దలోకి నీరు దిగి, బరువుకు తల వంచి, గోధుమరంగుకు తిరిగి కుళ్లుతాయి. వరండా చూరు కింద కుండీలో పెట్టగలిగితే సరే. పసుపు రంగు బనానా క్రీమ్ కూడా అంతే, నిమ్మపండు రంగులో విచ్చుకుంటుంది కానీ ఇక్కడి ఎండకు ఆ పసుపు త్వరగా వెలిసి తెల్లబడుతుంది. ఆ మాత్రం దానికి ఎక్కువ డబ్బు పెట్టడం దేనికి అనేది నా అభిప్రాయం.

ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో 'బెకీ విత్తనాలు' అని అమ్ముతుంటారు. కొనకండి. బెకీని పిలకలతోనో కొమ్మ ముక్కలతోనో పెంచుతారు. ఈ పువ్వు పుట్టుకే సంకరం (వేర్వేరు జాతుల కలయిక) కాబట్టి దాని గింజ వేస్తే వచ్చేది ఏదో ఒక డైసీ, బెకీ కాదు.

పుట్టుక మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. ఇది అడవిలో దొరికిన పువ్వు కాదు, ఒక మనిషి తయారు చేసింది. కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో లూథర్ బర్బాంక్ అనే మొక్కల పెంపకందారు ఉండేవాడు. ఆయన మసాచుసెట్స్‌లో చిన్నప్పుడు చూసిన రోడ్డుపక్క డైసీని యూరప్ డైసీలతో కలిపి, చివరికి జపాన్ డైసీతో కూడా కలిపి, దాదాపు 17 ఏళ్లు తంటాలు పడి 1901లో దీన్ని బయటికి తెచ్చాడు. మచ్చలేని తెలుపు ఆ జపాన్ డైసీ నుంచే వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. ఉత్తర కాలిఫోర్నియాలో మంచుతో తెల్లగా మెరిసే షాస్తా పర్వతం పేరు పెట్టాడు. మన పరమహంస యోగానందకు ఈయన మంచి స్నేహితుడు. శాంటా రోసాలో ఆయన ఇల్లూ తోటా ఇప్పటికీ ఉన్నాయి, బే ఏరియా వైపు వెళ్తే చూసి రండి.

ఆ రోడ్డుపక్క డైసీ, అంటే ఆక్స్ఐ డైసీ, ఇంకోలా కూడా మీకు ఎదురవుతుంది. 'వైల్డ్‌ఫ్లవర్ మిక్స్' అని అమ్మే విత్తనాల పొట్లాల్లో చాలాసార్లు ఇదే ఉంటుంది. పువ్వు చిన్నది, రెండు అంగుళాల లోపు. ఆకు సన్నగా, కోసినట్టు పళ్లుపళ్లుగా ఉంటుంది. ఒకసారి వేస్తే గింజ రాలి, వేరు పాకి లాన్ అంతా అదే. వాషింగ్టన్, కొలరాడో లాంటి రాష్ట్రాల్లో దీన్ని అధికారికంగా కలుపు మొక్కల జాబితాలో పెట్టారు. పొట్లం కొనేముందు వెనక పేర్లు చదవండి.

ఇప్పుడు అసలు విషయం, మట్టి. షాస్తా డైసీ ఇక్కడ చలికి చావదు, ఎండకూ అంత తేలిగ్గా చావదు. చలికాలంలో మొక్క మొదలు దగ్గర నిలిచిన నీటికి చస్తుంది. డిసెంబర్ నుంచి మార్చి దాకా మనకు వానలు ఎక్కువ, ఎండ తక్కువ. బంకమట్టి నీళ్లు పీల్చుకుని వదలదు. మొదలు కుళ్లి, మార్చిలో కొత్త చిగుళ్లు రావాల్సిన చోట నల్లటి మెత్తటి ముద్ద మిగులుతుంది. జనం 'చలికి పోయింది' అంటారు. మా స్నేహితులొకరు అట్లాంటా దగ్గరి సువానీలో డ్రైవ్‌వే పక్క పల్లంలో వేశారు, రెండేళ్లు వరసగా ఇదే జరిగింది. మూడో ఏడు అదే బెకీ రకం మొక్కలు మెయిల్‌బాక్స్ చుట్టూ మట్టి ఎత్తు చేసి పెట్టారు, ఇప్పుడు ఆ సందులోకి తిరగగానే ముందు కనిపించేవి అవే.

కొందరు బంకమట్టిలో మొక్కకు సరిపడా గుంత తవ్వి, అందులో మాత్రం కొన్న మట్టి నింపి నాటుతారు. అలా చేయకండి. చుట్టూ బంకమట్టి గోడలు, మధ్యలో వదులు మట్టి, వాన పడితే ఆ గుంత తొట్టెలా నిండుతుంది. గుంత కాదు, మడి మొత్తం తవ్వాలి. ఎనిమిది నుంచి పది అంగుళాల లోతున గుల్ల చేసి, మూడు అంగుళాల మందాన పైన్ బార్క్ (పైన్ చెట్టు బెరడు) పొట్టు పరిచి కలపండి. నర్సరీల్లో 'సాయిల్ కండిషనర్' అని సంచుల్లో అమ్మేది అదే. కాస్త మాగిన కంపోస్టు కూడా వేయొచ్చు. అలా చేస్తే మడి దానంతటదే చుట్టూ నేల కంటే నాలుగైదు అంగుళాలు ఎత్తు లేస్తుంది. బంకమట్టిలో ఇసుక మాత్రం కలపొద్దు, ఎండాక ఇటుకలా గట్టిపడుతుంది.

ఇక్కడి మట్టికి ఆమ్లగుణం ఎక్కువ. డైసీకి పీహెచ్ (మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) 6 నుంచి 7 పైచిలుకు దాకా బాగుంటుంది. ఊరికే సున్నం చల్లేయకుండా మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (పంటలకూ తోటలకూ సలహాలిచ్చే కార్యాలయం) మట్టి పరీక్షకు ఇవ్వండి. తక్కువ ఖర్చే, ఎంత సున్నం వేయాలో వాళ్లే రాసి పంపుతారు.

కొనేటప్పుడు ఒక మాట. జూన్‌లో పెద్ద దుకాణాల బయట నిండా పూలతో మొక్కలు పెడతారు, అందరూ అప్పుడే కొంటారు. పూల బరువులో ఉన్న మొక్క వేరు పెంచుకోదు, వెనకే జులై ఎండ వస్తుంది. అక్టోబర్‌లో అదే మొక్క పూలు లేకుండా ఉత్త ఆకుల గుత్తిగా, తరచూ తగ్గింపు ధరకు దొరుకుతుంది. చూడ్డానికి బాగోదు కానీ కొనాల్సింది దాన్నే. కుండీ నుంచి నెమ్మదిగా లాగి చూడండి. వేళ్లు తెల్లగా ఉండాలి, మొదట్లో మూడు నాలుగు పిలకలు ఉండాలి, మొదలు గట్టిగా ఉండాలి. కుండీలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతు, ఇంకా చెప్పాలంటే వేలెడు పైకే నాటండి. మొక్కకూ మొక్కకూ రెండు అడుగులు వదలండి. మొదటి ఏడు బోసిగా కనిపిస్తుంది, అక్కడ చలికాలంలో పూసే పాన్సీలు పెట్టుకోండి, వేసవికి డైసీలే ఆ చోటు నింపేస్తాయి. ఎండ రోజుకు కనీసం ఆరు గంటలు ఉండాలి.

నీళ్ల విషయంలో ఇక్కడ ఎక్కువ మంది ఇళ్లలో గొడవ స్ప్రింక్లర్‌తో వస్తుంది. లాన్ కోసం రోజూ పొద్దున్నే తిరిగే స్ప్రింక్లర్ డైసీ మీద కూడా పడుతుంటే ఆకుమచ్చ తెగులు, మొదలు కుళ్లు రెండూ పిలిచినట్టే. ఆ తల ఒక్కటి పక్కకు తిప్పించండి. మొదటి వేసవిలో వారానికి ఒక అంగుళం వాన పడినట్టు, మొక్క మొదలు దగ్గరే బాగా తడిచేలా పోస్తే చాలు. రెండో ఏడు నుంచి ఆకు వాడినట్టు కనిపించినప్పుడే పోయండి. పైన్ స్ట్రా (ఎండిన పైన్ ఆకులు) పరచండి, కానీ మొదలుకు ఆనించకుండా గుప్పెడంత జాగా వదలండి.

ఎరువు గురించి చెప్తానన్నాను కదా. మార్చిలో ఒకసారి నిదానంగా కరిగే ఎరువు కొంచెం, లేదా పైన అంగుళం మందం కంపోస్టు. అంతే. లాన్‌కు వేసే నత్రజని ఎరువు దీని మీద పడితే ఆకు నవనవలాడుతుంది, కాడలు మెత్తబడి అడ్డంగా పడిపోతాయి, పూలు తగ్గుతాయి. పేనుబంక కూడా అలాంటి లేత మొక్కనే వెతుక్కుంటూ వస్తుంది. పేనుబంక కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు, గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టండి, తగ్గకపోతే సాయంత్రం పూట వేపనూనె. వసంతంలో ఆకులకు గుండ్రంగా చిల్లులు పడుతుంటే రాత్రి టార్చ్ వేసి చూడండి, నత్తలు దొరుకుతాయి.

ఒకోసారి ఒక కాడ పట్టీలా బల్లపరుపుగా పెరిగి, చివర రెండు మూడు పూలు అతుక్కున్నట్టు వింత పువ్వు వస్తుంది. షాస్తా డైసీలో ఇది కొత్త కాదు. ఒక్క కాడకే అయితే ఫోటో తీసుకుని వదిలేయండి. మొక్క మొదలు దగ్గరే లావుగా పొట్టిగా గుత్తులు గుత్తులుగా వికారపు చిగుళ్లు వస్తే మాత్రం అది బాక్టీరియా పని. ఆ మొక్కను పీకి చెత్తలో వేయండి, కంపోస్టులో కాదు, కత్తెరను స్పిరిట్‌తో తుడవండి.

వాడిన పూలను ఎప్పటికప్పుడు కత్తిరిస్తే పూత ఇంకొన్ని వారాలు సాగుతుంది. పువ్వు తల ఒక్కటే తెంపకుండా, కింద పక్క మొగ్గ ఉన్న చోటి దాకా కాడ కోయండి. పూత మొత్తం అయిపోయాక కాడలన్నీ నేల దగ్గరి ఆకుల దాకా కోసేయండి, కానీ ఆ కింది ఆకుల గుత్తిని ముట్టుకోవద్దు. మన దగ్గర అది చలికాలమంతా పచ్చగానే ఉంటుంది, వచ్చే ఏటి పూలు దాని చలవే.

ఇక ఎక్కువ మంది వదిలేసే పని, పిలకలు విడదీయడం. షాస్తా డైసీ సహజంగానే ఎక్కువ కాలం బతికే మొక్క కాదు. రెండు మూడేళ్లకు దుబ్బు మధ్యలో బోసిపోతుంది, పూలు చిన్నవవుతాయి. ఆ దశలో వదిలేస్తే మరో ఏడాదికి పోతుంది. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో దుబ్బును పారతో పైకి లేపి, చేమంతి పిలకలు తీసినట్టే బయటి అంచున ఉన్న బలమైన పిలకలను వేళ్లతో సహా విడదీయండి. మధ్యలోని ముదురు భాగం పారేయండి. ఇక్కడ మీ చేమంతి చెయ్యి చక్కగా పనికొస్తుంది. ఒక్కో ముక్కకు మూడు నాలుగు పిలకలుంటే వచ్చే జూన్‌కే పూస్తుంది. ఒక్క దుబ్బు నుంచి నాలుగైదు మొక్కలు వస్తాయి కాబట్టి మొదట మూడు మొక్కలకు మించి కొనకండి, మూడేళ్లలో మీరే పంచిపెడతారు.

వాసన సంగతి నర్సరీ వాళ్లు చెప్పరు, నేను చెప్తాను. కోసి వాజులో పెడితే వారం పైనే తాజాగా ఉంటాయి, కానీ దగ్గరగా వాసన చూస్తే బాగోదు. ఈగలను పిలిచే వాసన అది. హాల్లో దూరంగా పెడితే తెలీదు, దేవుడి గదిలో, పడకగదిలో పెట్టకండి. ఇంట్లో ఎవరికైనా వయ్యారిభామ పడని ఒళ్లయితే ఈ మొక్క కోసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోమనండి, ఇదీ ఆ కుటుంబమే, దురద రావచ్చు. ఇక జింకలు మీ వైపు బాగా తిరుగుతాయి. ఇతర పూల కంటే దీన్ని తక్కువ ముట్టుకుంటాయి, అసలు ముట్టుకోవు అని మాత్రం అనలేను.

బతుకమ్మ వచ్చేది సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో. అప్పటికి బెకీ పూత దాదాపు అయిపోతుంది. వాడిన పూలు కోస్తూ వస్తే అక్కడక్కడా నాలుగు పూలు ఉండొచ్చు, బతుకమ్మ పేర్చడానికి చాలవు. దానికి వేరే మడి పెట్టండి. మే చివర్లో గునుగు, బంతి విత్తనం చల్లండి. ఇక్కడ 'సెలోషియా' అని అమ్మే వాటిలో సన్నటి కంకి ఉండే రకం మన గునుగే. జార్జియా వేసవి వాటికి సొంతూరు లెక్క. చేమంతులు సెప్టెంబర్‌లో ప్రతి దుకాణంలో దొరుకుతాయి.

ఇది చదివే వేరే ఊళ్ల వాళ్ల కోసం ఒక మాట. న్యూజెర్సీ వాళ్లకు ఏ రకమైనా బాగా వస్తుంది, కాకపోతే నాటడం ఏప్రిల్, మే నెలల్లో. బే ఏరియాలో తేలిక, నత్తలను చూసుకుంటే చాలు. డాలస్ చుట్టూ ఉన్న నల్లమట్టి మన నల్లరేగడి జాతే, తడిస్తే ఉబ్బి ఎండితే బీటలు వారుతుంది. అక్కడ నేలలో కాకుండా రైజ్డ్ బెడ్‌లో (నేల మీద ఎత్తుగా కట్టిన మడి), మధ్యాహ్నం మూడు దాటాక నీడ పడే చోట పెట్టండి.

చివరగా హైదరాబాద్. అక్కడ ఏడాదిలోకెల్లా పొడవైన పగలు కూడా 13 గంటల పైచిలుకే, అదీ వేడికి వాన తోడయ్యే జూన్‌లో. చల్లగా ఉండే డిసెంబర్‌లో పగలు 11 గంటలు. మొక్కకు చల్లదనం ఉన్నప్పుడు వెలుగు చాలదు, వెలుగు ఉన్నప్పుడు చల్లదనం ఉండదు. స్నో లేడీ లాంటి పొట్టి రకాన్ని అక్టోబర్‌లో విత్తితే వేసవి ముందు కాసిన్ని పూలు చూడొచ్చేమో గానీ ఏప్రిల్ ఎండ దాటదు. ఊటీ లాంటి కొండల మీద అయితే వేరే సంగతి. ఇక్కడి నుంచి పిలక తీసుకెళ్దామని సూట్‌కేసులో మాత్రం పెట్టకండి, అనుమతి పత్రాలు లేకుండా మొక్కలు ఇండియాలోకి తేనివ్వరు. అమ్మగారికి ఒంటి రేకల తెల్ల చేమంతి తెప్పించండి, కడియం నర్సరీల నుంచి వచ్చే బళ్లలో దొరుకుతుంది. దూరం నుంచి చూస్తే ఇలాగే ఉంటుంది, పైగా దేవుడికి పెట్టుకోవచ్చు.

మీ స్థలంలో వాన వెలిశాక ఎంతసేపు నీరు నిలుస్తుందో ఒకసారి చూసి రాయండి. గంట దాటి నిలుస్తుంటే మడి ఇంకో నాలుగు అంగుళాలు లేపాలి.